గ్రాఫులో రంగు దేనికి లెక్క?

ధరల గీత వేరు, సరుకు రాబడి గీత వేరు - రంగు నింపే ముందు వర్తకులు గమనించవలసిన విషయాలు

మిర్చి, పసుపు, పత్తి వర్తకంలో ధరవరలను గ్రాఫుల రూపంలో చూసే అలవాటు బాగా పెరిగింది. ఒకప్పుడు చిట్టా పుస్తకాలకే పరిమితమైన అంకెలు నేడు సెల్‌ఫోను తెర మీద గీతలుగా కనిపిస్తున్నవి. బ్రోకర్లు తమ ఖాతాదారులకు పంపే గ్రాఫులలో గీత కింది భాగాన్ని ఆకుపచ్చతోనో నీలంతోనో నింపి పంపడం మామూలైపోయింది. చూపుకు నిండుగా ఉంటుంది, విషయం స్పష్టంగా తెలుస్తుంది అన్న అభిప్రాయమే దీనికి కారణం.

అయితే రంగు వట్టి అలంకారం కాదు. గీతను చూసిన కన్ను దాని ఎత్తును, వాలును గమనిస్తుంది. రంగు నింపిన మేరను చూసిన కన్ను ఆ మేర ఎంత పెద్దదో గమనిస్తుంది. ఎంత రంగు ఉంటే అంత సరుకు, అంత లాభం అనే భావన అడగకుండానే మనసులో నాటుకుంటుంది. ఆ భావన కొన్ని గ్రాఫులలో నిజం. మరికొన్నింటిలో పూర్తిగా అబద్ధం. కోల్డ్ స్టోరేజీలో సరుకు నిలవ ఉంచి, అమ్మడమా ఆగడమా అని ఊగిసలాడే వర్తకునికి ఈ తేడా డబ్బుతో కూడిన విషయం.

పరికరం ఏది?

ఇటువంటి గ్రాఫులు గీయడానికి పైథాన్ అనే కంప్యూటరు భాష విరివిగా వాడుకలో ఉన్నది. హాలండు దేశస్థుడు గీడో వాన్ రోసమ్ రూపొందించిన ఈ భాష 1991లో వెలువడింది. ఇందులో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే సాధన సంపుటిని మెదడు, నరాల పరిశోధన చేస్తుండిన జాన్ హంటర్ అనే అమెరికన్ తయారు చేయగా, 2003లో బయటకు వచ్చింది. రెండూ ఉచితమే. సాధారణమైన కంప్యూటరు చాలు.

ముఖ్యమైన ఆజ్ఞలు నాలుగు. టైపు చేసేటప్పుడు వీటిని ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. ఇక్కడ పలికే తీరు ఇస్తున్నాము.

ఇంపోర్ట్ మ్యాట్‌ప్లాట్‌లిబ్.పైప్లాట్ యాజ్ పిఎల్‌టి
ఫిగ్, ఏఎక్స్ = పిఎల్‌టి.సబ్‌ప్లాట్స్()
ఏఎక్స్.ప్లాట్(తేదీ, ధర)
ఏఎక్స్.ఫిల్_బిట్వీన్(తేదీ, ధర, అడుగు)

మొదటి ఆజ్ఞ సాధనాన్ని పిలుస్తుంది. రెండవది గ్రాఫుకు చోటు ఏర్పాటు చేస్తుంది. మూడవది గీత గీస్తుంది. నాలుగవదే రంగు నింపేది. తేదీ, ధర, అడుగు అన్నవి మన అంకెల వరుసలకు మనం పెట్టుకున్న పేర్లు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఈ పేర్లను తెలుగు లిపిలోనే ఉంచుకొనే సౌకర్యం ఉన్నది.

నాలుగవ ఆజ్ఞ పేరులోనే దాని అర్థం ఉన్నది. రెండు గీతల నడుమ నింపుము అని భావం. పై గీత ధర. కింది గీతను మనమే చెప్పాలి. చెప్పకుండా వదిలివేస్తే యంత్రం దానిని సున్నాగా తీసుకుంటుంది. గీత కింద రంగు అన్నప్పుడల్లా నిజానికి అది రెండు గీతల మధ్య రంగు. ఆ రెండవ గీత ఏదన్నదే అసలు ప్రశ్న.

రాబడికి రంగు సరిపోతుంది

మొదట సరుకు రాబడిని తీసుకుందాము. ఉదాహరణకు ఒక మిర్చి యార్డుకు ఒక వారంలో సోమవారం 1,20,000 టిక్కీలు, మంగళవారం 1,10,000, బుధవారం 1,00,000, గురువారం 90,000, శుక్రవారం 1,00,000 వచ్చినవనుకుందాము. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. వారం మొత్తం 5,20,000 టిక్కీలు.

ఈ అంకెల గీత కింద సున్నా వరకు రంగు నింపితే, రంగు పరచుకున్న వైశాల్యం ఆ 5,20,000 టిక్కీలకు కొలత అవుతుంది. ఒక రోజు సరుకు మీద మరొక రోజు సరుకు కుప్ప పడుతుంది కనుక, రోజుల వెడల్పును రాబడి ఎత్తుతో గుణిస్తే వచ్చేది బస్తాలే. గత సంవత్సరం సీజను రంగుకు, ఈ సంవత్సరం సీజను రంగుకు పోలిక చూసి, సరుకు ఎక్కువ వచ్చిందా తక్కువ వచ్చిందా అని కంటితోనే చెప్పవచ్చును. ఇక్కడ రంగు తన పని తాను చేస్తున్నది. కింది గీత సున్నాగా ఉండడం కూడా న్యాయమే, ఏమంటే సున్నా బస్తాలు అన్న మాటకు అర్థం ఉన్నది.

రాబడి గ్రాఫు మెట్లు మెట్లుగా ఉంటే ఇంకా మంచిది. నాలుగవ ఆజ్ఞలో స్టెప్ = 'మిడ్' అని చేర్చితే ఒక్కొక్క రోజు ఒక్కొక్క దిమ్మెగా నిలబడుతుంది. శుక్రవారం సరుకు ఏటవాలుగా జారి సోమవారంలో కలిసినట్లు కనబడదు.

సెలవు రోజున వచ్చిన బస్తాలు

జాగ్రత్త పడవలసిన మొదటి చోటు ఇదే. శని, ఆదివారాలు యార్డుకు సెలవు అనుకుందాము. అంకెల పట్టికలో ఆ రెండు తేదీలు అసలు ఉండవు. శుక్రవారం 1,00,000, ఆ పైన తిన్నగా సోమవారం 1,20,000. యంత్రానికి సెలవు సంగతి తెలియదు. తేదీల లెక్కన రెండు చుక్కలను కలుపుతూ సరళరేఖ గీస్తుంది. ఆ రేఖ ప్రకారం శనివారం సుమారు 1,06,667 టిక్కీలు, ఆదివారం సుమారు 1,13,333 టిక్కీలు వచ్చినట్లు లెక్క. రంగు నింపగానే మూసి ఉన్న యార్డుకు 2,20,000 టిక్కీలు చేరిపోయినవి. వారం మొత్తం సరుకులో ఇది దాదాపు 42 శాతం.

ఉత్త గీత అయితే ఇది పెద్ద నష్టం కాదు. ఒక చుక్క నుంచి మరొక చుక్కకు దారి చూపిందనుకుంటాము. రంగు పడేసరికి అది సరుకైపోతుంది. వేసవిలో యార్డుకు వారాల తరబడి సెలవులు ఇచ్చినపుడు ఈ పొరపాటు ఎంత పెరుగుతుందో చెప్పనక్కరలేదు.

పరిష్కారం సులువు. సెలవు తేదీలను కూడా పట్టికలో చేర్చి, వాటి ఎదుట రాబడి సున్నా అని వేయాలి. కాని ఇదే పద్ధతిని ధరకు వర్తింపజేయరాదు. సెలవు రోజున రాబడి సున్నా అన్నది వాస్తవం. సెలవు రోజున ధర సున్నా అన్నది వాస్తవం కాదు. ఆ రోజు ధరే లేదు. అందుచేత ధర పట్టికలో ఆ గడిని ఖాళీగా ఉంచాలి. పైథాన్ భాషలో ఆ ఖాళీకి నాన్ అని పేరు. ఖాళీ ఉన్న చోట గీత తెగుతుంది, రంగు ఆగుతుంది. చూసేవారికి మార్కెట్ మూసి ఉన్న సంగతి తెలుస్తుంది. లేని అంకెకు సున్నా వేయడం, ఉన్న సున్నాను ఖాళీగా వదలడం - చిట్టాలో ఏది చేసినా తప్పే. గ్రాఫులోనూ అంతే.

ధరకు అడుగు ఎక్కడ?

ఇక ధర సంగతి. క్వింటాలు ధర నిన్న 14,000 రూపాయలు, నేడు 14,200 రూపాయలు అయితే, రెండు రోజులకు కలిపి 28,200 అని ఎవరూ అనరు. ధర కుప్ప పడే వస్తువు కాదు. ధరను రోజులతో గుణిస్తే వచ్చే అంకెకు వర్తకంలో పేరే లేదు. అంటే ధర గీత కింద సున్నా వరకు నింపిన రంగు వైశాల్యం దేనికీ కొలత కాదు.

దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. ధర 14,000 నుంచి 15,400కు పెరిగిందనుకుందాము. పెరుగుదల సరిగ్గా నూటికి పది. సున్నా వరకు రంగు నింపితే గ్రాఫు సున్నా నుంచి మొదలవుతుంది. గీత పై అంచున అణగిపోయి, పది శాతం పెరుగుదల కంటికి ఆనదు. గ్రాఫు వేసిన మనిషికి అది నచ్చదు. కింది భాగాన్ని కత్తిరించి, గ్రాఫును 13,500 నుంచి మొదలుపెడతాడు. సెట్_వైలిమ్ అనే ఆజ్ఞ ఉన్నది, ఒక్క క్షణం పని. ఇప్పుడు మొదటి రోజు రంగు ఎత్తు 500, చివరి రోజు రంగు ఎత్తు 1,900. రంగు దాదాపు నాలుగింతలు పెరిగినట్లు కనబడుతుంది. పెరిగింది మాత్రం పది శాతమే. 13,500 అన్న అంకె మార్కెట్ చెప్పింది కాదు, గ్రాఫు గీసినవాడు ఎంచుకున్నది. 13,900 నుంచి మొదలుపెట్టి ఉంటే అదే పెరుగుదల పదిహేనింతలుగా కనిపించేది.

ఇందులో మోసబుద్ధి ఉండనవసరం లేదు. కాని ఇటువంటి గ్రాఫు చూసి తేజీ వచ్చిందని కొనుగోలుకు దిగేవారు ఉంటారన్నది మరువరాదు. గుర్తుంచుకోవలసిన సూత్రం చిన్నది. గీతకు అడుగు అక్కరలేదు, ఎక్కడ కత్తిరించినా ధర ఎటు పోయిందో చెబుతుంది. రంగుకు అడుగు కావాలి, ఆ అడుగుకు వర్తకంలో ఒక అర్థం ఉండాలి. అటువంటి అడుగు దొరకనప్పుడు ధరను ఉత్త గీతగానే వదిలివేయడం మేలు.

రంగు పుట్టిందే వాణిజ్య లెక్కలలో

రెండు గీతల మధ్య రంగు నింపడం కంప్యూటరుతో వచ్చిన కొత్త విద్య కాదు. 1786లో లండన్‌లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండు దేశస్థుడు ఇంగ్లండు వాణిజ్యంపై పటాల పుస్తకమొకటి ప్రచురించాడు. డెన్మార్కు, నార్వే దేశాలతో 1700 నుంచి 1780 వరకు ఇంగ్లండు జరిపిన ఎగుమతులు, దిగుమతులు అందులోని ఒక పటంలో రెండు గీతలుగా ఉన్నవి. మొదట దిగుమతుల గీత పైన ఉన్నది. 1750 దాటిన తరువాత ఎగుమతుల గీత దానిని దాటి పైకి పోయింది. రెండు గీతల నడుమ ఉన్న మేరకు రంగులు వేసి, గీతలు దాటుకోకముందు ఇంగ్లండుకు ప్రతికూలమని, దాటిన తరువాత అనుకూలమని ప్లేఫెయిర్ రాశాడు.

ఆ పటంలో రంగుకు పూర్తి అర్థం ఉన్నది. ఎగుమతి, దిగుమతి రెండూ సంవత్సరానికి ఇంత అని వచ్చిపోయే మొత్తాలు. వాటి తేడాను సంవత్సరాల వెంబడి కూడితే వచ్చేది ఆ కాలానికి మొత్తం మిగులో, మొత్తం తరుగో అవుతుంది. పైగా ప్లేఫెయిర్ రంగును సున్నా వరకు దింపలేదు. ఒక లెక్కకు ఎదురు లెక్కను అడుగుగా పెట్టాడు. జమకు ఖర్చు ఎదురు. మన వర్తకులకు ఇది తెలియని పద్ధతి కాదు.

కొన్న ధర కాదు, పడిన ధర

ధర గీతకు కూడా ఇటువంటి ఎదురు గీత ఒకటి ఉన్నది. అది సరుకు ఆ రోజుకు మనకు ఎంతకు పడిందన్న లెక్క. చాలామంది కొన్న ధరనే అడ్డంగా ఒక గీతగా గీసి, దానికి పైన ఉన్నదంతా ఆకుపచ్చ, కింద ఉన్నదంతా ఎరుపు అని నింపుతున్నారు. సున్నా కన్నా ఇది మెరుగే. కాని నిలవ ఉంచిన సరుకు విషయంలో ఇది చాలదు. వడ్డీ రోజు రోజుకు ఎక్కుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాము. క్వింటాలు 15,000 రూపాయలకు కొన్న మిర్చిని కోల్డ్ స్టోరేజీలో ఉంచారు. స్టోరేజీ అద్దె, హమాలీ, రవాణా, గోతాము అన్నీ కలిపి సీజనుకు క్వింటాలుకు 500 రూపాయలు అనుకుందాము. పెట్టుబడి మీద వడ్డీ నూటికి నెలకు రూపాయిన్నర, అంటే నెలకు 225 రూపాయలు. సరుకు పెట్టిన రోజే 15,500 రూపాయలకు పడింది. ఆ తరువాత నెల నెలా 225 చొప్పున పెరుగుతుంది. ఎనిమిది నెలల ధరలు, పడిన ఖర్చు ఈ కింది విధంగా ఉన్నవనుకుందాము. అంకెలన్నీ లెక్క కోసమే.

ఆరంభంలో: ధర 15,000, ఖర్చు 15,500, నష్టం 500
1వ నెల: ధర 15,600, ఖర్చు 15,725, నష్టం 125
2వ నెల: ధర 15,400, ఖర్చు 15,950, నష్టం 550
3వ నెల: ధర 16,000, ఖర్చు 16,175, నష్టం 175
4వ నెల: ధర 16,600, ఖర్చు 16,400, లాభం 200
5వ నెల: ధర 16,900, ఖర్చు 16,625, లాభం 275
6వ నెల: ధర 17,000, ఖర్చు 16,850, లాభం 150
7వ నెల: ధర 16,900, ఖర్చు 17,075, నష్టం 175
8వ నెల: ధర 16,700, ఖర్చు 17,300, నష్టం 600

కొన్న ధర 15,000ను అడుగుగా పెట్టి రంగు నింపితే మొదటి నుంచి చివరి వరకు అంతా ఆకుపచ్చే. ఎర్ర రంగు చుక్కయినా కనబడదు. 6వ నెలలో రంగు ఎత్తు 2,000. 8వ నెలలో సైతం 1,700. చూసినవారు ధర కొంచెమే తగ్గింది, లాభం చేతిలోనే ఉన్నది, మరికొంత ఆగవచ్చు అనుకుంటారు.

పడిన ఖర్చును అడుగుగా పెట్టి చూస్తే దృశ్యం మారిపోతుంది. మొదటి మూడు నెలలు ఎరుపు. 3, 4 నెలల నడుమ ధర గీత ఖర్చు గీతను దాటుతుంది. అక్కడి నుంచి సుమారు మూడు నెలలు సన్నని ఆకుపచ్చ పట్టీ. 6, 7 నెలల నడుమ మళ్లీ ఎరుపు. ముఖ్యంగా గమనించవలసింది, ధర గరిష్ఠానికి చేరింది 6వ నెలలో, లాభం గరిష్ఠానికి చేరింది 5వ నెలలో. 5 నుంచి 6కు ధర 100 రూపాయలు పెరిగినా, వడ్డీ 225 తిన్నది. ధర ఇంకా ఎక్కుతున్నదని సంతోషించిన నెలలోనే లాభం తరగడం ఆరంభమైంది. 8వ నెలలో కొన్న ధర కంటే 1,700 ఎక్కువకు అమ్మి కూడా క్వింటాలుకు 600 రూపాయలు పోగొట్టుకోవడం జరుగుతుంది.

ఈ లెక్కలో తరుగు చేర్చలేదు. క్వింటాలుకు ఒక కిలో తూకం తగ్గిందంటే, 5వ నెలలో అమ్మేది 99 కిలోలే. వచ్చేది 16,731 రూపాయలు. 275 రూపాయల లాభం 106కు దిగిపోతుంది. అమ్మకం ఖర్చులు ఉంటే అవి దీనికి అదనం. ఎవరి ఖర్చు గీతను వారే తమ చిట్టా చూసి వేసుకోవాలి. ఇతరులు పంపిన గ్రాఫులో ఇది ఉండదు, ఉండజాలదు. రెండు మూడు ధరలకు కొన్న లాట్లు ఉన్నవారు లాటుకొక గీత వేసుకోవడం మంచిది. సగటు గీత వేస్తే చౌకగా కొన్న లాటు వెనుక ప్రియంగా కొన్న లాటు దాగిపోతుంది.

ఈ గ్రాఫుకు ఆజ్ఞలు ఇవి.

ఏఎక్స్.ఫిల్_బిట్వీన్(తేదీ, ధర, ఖర్చు, వేర్ = ధర >= ఖర్చు, కలర్ = 'గ్రీన్', ఆల్ఫా = 0.3, ఇంటర్‌పొలేట్ = ట్రూ)
ఏఎక్స్.ఫిల్_బిట్వీన్(తేదీ, ధర, ఖర్చు, వేర్ = ధర < ఖర్చు, కలర్ = 'రెడ్', ఆల్ఫా = 0.3, ఇంటర్‌పొలేట్ = ట్రూ)

వేర్ అన్నది షరతు. ధర ఖర్చుకు సమానంగానో పైనో ఉన్న చోట ఒక రంగు, కింద ఉన్న చోట మరొక రంగు. ఈ పోలిక సరిగా జరగాలంటే ధర, ఖర్చు రెండూ నంపై అనే సాధనపు వరుసలుగా ఉండాలి. మామూలు జాబితాలుగా ఇస్తే రోజుకు రోజు పోల్చడం జరగదు. ఆల్ఫా రంగు పలుచన ఎంతో చెబుతుంది. 1 అంటే చిక్కని రంగు, 0 అంటే రంగే లేదు. 0.3 పెడితే వెనుక ఉన్న గీతలు కనబడతాయి. ఇంటర్‌పొలేట్ అన్న మాటను వదిలివేస్తే రెండు గీతలు దాటుకొనే చోట ఏ రంగూ పడక తెల్లటి ఖాళీ మిగులుతుంది. రోజువారీ అంకెలలో ఆ ఖాళీ చిన్నది. నెలవారీ అంకెలలో ఒక నెలంతా తెల్లగా ఉండిపోతుంది. ఆ మాట చేర్చితే రంగు దాటుకొనే బిందువు వరకు వస్తుంది. అయితే ఆ బిందువు రెండు చుక్కల మధ్య గీసిన సరళరేఖ మీదిది మాత్రమే. ఫలానా తేదీన ఆ ధరకు బేరం జరిగిందని దాని అర్థం కాదు.

ఇక్కడ కూడా ఒక హెచ్చరిక అవసరం. ఆకుపచ్చ మేర మొత్తం లాభం కాదు. సరుకు ఒక్కసారే అమ్ముతాము. అమ్మిన రోజున రెండు గీతల మధ్య ఉన్న ఎత్తే లాభం. ఆకుపచ్చ పట్టీ పొడవు, లాభానికి అమ్ముకొనే అవకాశం ఎన్నాళ్లు నిలిచిందో చెబుతుంది. అదీ విలువైన సమాచారమే, కాని రూపాయలు కావు.

మద్దతు ధర ఉన్న పంటలకు ఖర్చుకు బదులు ఆ ధరను అడుగుగా పెట్టవచ్చును. 2024-25 సీజనుకు పొడవు పింజ పత్తి కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. మార్కెట్ ధర గీతకు, ఈ అడ్డగీతకు నడుమ ఎరుపు నింపితే, ప్రైవేటు ధర మద్దతు ధర కంటే ఎన్ని రోజులు, ఎంత లోతున ఉన్నదో తెలుస్తుంది. సరుకు కాటన్ కార్పొరేషన్ కేంద్రాలవైపు ఎప్పుడు మళ్లే అవకాశం ఉన్నదో జిన్నింగ్ మిల్లులవారు అంచనా వేసుకోవడానికి ఇది పనికి వస్తుంది. అడుగు గీత సీజను మారినపుడు మారాలన్నది మరచిపోరాదు.

కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు

ధరకు రంగు వాడదగిన చోటు మరొకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వపు ఆగ్‌మార్క్‌నెట్ యార్డుల వారీగా రాబడితోపాటు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర ఇస్తుంది. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు పలికిన ధర. కనిష్ఠానికి, గరిష్ఠానికి నడుమ పలుచని రంగు నింపి, మోడల్ ధరను చిక్కని గీతగా గీస్తే ఒక రోజు బేరాలన్నీ ఏ హద్దులలో జరిగాయో కనబడుతుంది. మోడల్ గీత పట్టీలో పై అంచుకు దగ్గరగా ఉంటే మేలు రకం సరుకు ఎక్కువ వచ్చిందని, కింది అంచుకు దగ్గరగా ఉంటే నాసి సరుకు ఎక్కువని ఊహించవచ్చును.

పట్టీ వెడల్పు పెరిగినంత మాత్రాన ధరలలో ఒడిదుడుకులు వచ్చినట్లు భావించరాదు. మేలు రకం కాయల ధర స్థిరంగా ఉండి, ఆ రోజు తాలు కాయలు కొన్ని లాట్లు వచ్చినా కనిష్ఠం దిగజారి పట్టీ వెడల్పవుతుంది. తేజ, 334, బాడిగ రకాలను ఒకే పట్టికలో కలిపి గీస్తే పట్టీకి అర్థమే ఉండదు. రకానికొక గ్రాఫు వేసుకోవడమే సరైన పద్ధతి.

ఒకదానిపై ఒకటి, ఒకదాని వెనుక ఒకటి

గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల మిర్చి రాబడులను ఒకే గ్రాఫులో చూపేటప్పుడు మరొక చిక్కు వస్తుంది. స్టాక్‌ప్లాట్ అనే ఆజ్ఞ మూడు రంగులను ఒకదానిపై ఒకటి పేర్చుతుంది. పై అంచు మూడు యార్డుల మొత్తం. ఫిల్_బిట్వీన్‌ను మూడుసార్లు వాడితే మూడూ సున్నా నుంచే లేచి ఒకదాని వెనుక ఒకటి నిలబడతాయి. పై అంచు ఆ రోజు పెద్ద యార్డుది మాత్రమే. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, లెక్క వేరు. పేర్చిన గ్రాఫులో అడుగున ఉన్న యార్డు రాబడి పెరిగితే పైన ఉన్నవి పెరగకపోయినా పైకి లేచినట్లు అగుపిస్తాయి. ఏ పద్ధతిలో గీసినదో గ్రాఫు మీద ఒక్క మాట రాయడం గీసినవారి బాధ్యత.

గ్రాఫు చేతికి వచ్చినపుడు

రంగు నింపిన గ్రాఫు ఎవరు పంపినా వర్తకులు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, గీత దేనిది? బస్తాలదైతే రంగును నమ్మవచ్చును, ధరదైతే రంగును పక్కన పెట్టి గీతను చూడాలి. రెండవది, రంగు ఎక్కడ ఆగింది? సున్నా వద్దనా, మద్దతు ధర వద్దనా, లేక గీసినవారు తెంచిన చోటనా? మూడవది, యార్డు మూసిన రోజులలో రంగు ఆగిందా, సాగిందా?

తాము స్వయంగా గీసుకొనేవారికి సలహా ఒక్కటే. రాబడికి సున్నాను, ధరకు తమ పడిన ఖర్చును అడుగుగా పెట్టుకోవాలి. వడ్డీ రోజూ ఎక్కుతుంది గనుక ఆ ఖర్చు గీత అడ్డంగా ఉండదు, ఎప్పుడూ ఎగుడుగానే సాగుతుంది. ధర గీత దానికంటే వేగంగా ఎగబాకుతున్నంత వరకే నిలవకు ప్రయోజనం. ఆకుపచ్చ పట్టీ సన్నబడడం మొదలైన రోజున, ధర ఇంకా పెరుగుతున్నప్పటికీ, అమ్మకం గురించి ఆలోచించవలసి ఉంటుంది.